పెన్సిల్ రాత

ఓటెపాలో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు.
మైము మా వారాలన్నీ పెన్సిల్‌తోనే రాస్తుంది.
కారెల్‌కి స్కీ కర్రలతో కొండదారి, పధ్నాలుగు కిలోమీటర్లు.
నేనూ వెళ్తానంటే వద్దంది.
"వాడిది ఊపిరి పొదుపు.
ఈటె విసిరేదానివి,
నువ్వు మూడడుగుల్లో మొత్తం ఖర్చయిపోవాలి."

నా భుజంలో బొటనవేలు దించి
సూదిలో దారమెక్కించేదానిలా కళ్ళు చికిలిస్తుంది.
ఎడమ మడమ రవ్వంత ఆలస్యంగా దిగుతోందట.
ఇన్నేళ్ళూ నాకు తెలియని నా సంగతి.

ఆమె విసిరిన రోజుల్లో
కసరత్తు ఆఫీసు నుంచి వచ్చేది,
కార్బన్ కాపీ, అందరికీ ఒకటే.
మోచేతి మీద పొడుగాటి కుట్ల మచ్చ.
చూపించదు. దాచదు.

నిన్న రాత్రంతా పాపకి జ్వరం.
నేనేం చెప్పలేదు.
రెండు విసుర్లు చూసింది, మూడోది అడగలేదు.
నోటుబుక్కు తెరిచి
గురువారం గడిలో బరువులన్నీ చెరిపి
రబ్బరు పొట్టు ఉఫ్‌మని ఊది
ఒక్క మాట రాసింది:
పడుకో.

దూరంగా కొండ మీద కారెల్, చుక్కంత.
ఈటెల సంచీ ఎత్తుకుని కదిలానో లేదో,
"ఆ భుజానికి కాదు" అంది
తలెత్తకుండానే.