ఎవరూ వద్దనని మూల

ముందు నేను వెళ్తాను.
తవ్వేవాళ్ళు, తీగ లాగేవాళ్ళు, పెట్టె దించే క్రేను
అందరూ నా తర్వాతే.
నా చేతిలో ఒక రంగు డబ్బా, ఒక టేపు,
శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచుకి ఎప్పుడూ సగం తడిసుండే కాగితాలు.

పోర్టోలా పేటలో కాలిబాటే మాకు పలక.
నీలం గీత కింద నీళ్ళు, పసుపు కింద గ్యాసు,
ఎరుపు కింద కరెంటు,
ఆకుపచ్చ కింద ఎవరూ తలుచుకోనివి.
నారింజ రంగు మాది, మాటలు పోయే దారిది.
తెలుపు మాత్రం
ఇంకా లేనిదానికి.

మొదటి తెల్ల చతురస్రం
జొవాన్నా ష్వేరెబ్ గారి కిటికీ ముందు పడింది.
ఎనభై దాటిన మనిషి, మాల్టా నుంచి వచ్చిన కుటుంబం,
చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది.
"పెట్టెలబ్బాయ్,
ఇక్కణ్ణుంచి నాకు యాభైనాలుగో నంబరు బస్సు మలుపు తిరగడం కనబడుతుంది.
అది కనబడ్డాకే పాలు పొయ్యి మీద పెడతాను.
నీ డబ్బా అడ్డమొస్తే నా పాలకి వేళ ఎవరు చెప్తారు?"

అభ్యంతరాల ఫారంలో నాలుగు గళ్ళున్నాయి:
అందం, శబ్దం, పార్కింగు, ఇతరములు.
పాలు ఇతరములలోకి వెళ్ళాయి.

రెండోది క్వాన్ గారి గరాజు పక్కన.
కారు తలుపు తెరుచుకోదన్నాడు, తెరిచి చూపించాడు.
నిజమే, ఒక్క అంగుళం.
మూడోది చర్చి గోడకి: పెళ్ళి ఫొటోల్లో పడుతుందట.
నాలుగోదాని దగ్గరికి డెల్ఫినా ఒకాంపో
చక్రాల కుర్చీలో వచ్చి
గీతకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఆగింది.
ఏమీ అనలేదు.
దాని మీద నల్లరంగు నేనే కొట్టాను.

నవంబరులో బడి భోజనశాలలో సమావేశం.
పిల్లల బల్లల ముందు పెద్దలంతా మోకాళ్ళు ముడుచుకుని.
ఫైబర్ కావాలా అంటే చేతులన్నీ పైకి,
పెట్టె ఎక్కడ అంటే చేతులన్నీ జేబుల్లోకి.
పందిరి నీడ అందరికీ కావాలి,
గుంజ పాతాల్సింది మాత్రం పక్కవాడి వాకిట్లో.
వెనక వరసలోంచి క్వాన్ గారబ్బాయి వెస్లీ లేచాడు:
"నా పాఠం రోజూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుందండీ.
తిరిగి తిరిగి, పడుకునే టైమవుతుంది."
వాళ్ళ నాన్న తన బూట్ల వైపు చూసుకున్నాడు.
అయినా గరాజు గరాజే.

ఎనిమిదో చతురస్రం
పాత పూలతోటల గాజుషెడ్ల పక్క మూలన గీశాను.
ఒకప్పుడు ఊరి పెళ్ళిళ్ళన్నిటికీ ఇక్కడి గులాబీలేనట.
ఇప్పుడు పగిలిన అద్దాలు, నడుమెత్తు పెరిగిన అడవి సోంపు.
కిటికీ లేదు, గరాజు లేదు.
నోటీసు ఇరవై రోజులు కంచెకి వేలాడింది.
ఒక్క ఫోనూ రాలేదు.
"ఇరవై అడుగుల లోపు నివాసులు" అన్న చోట
సున్నా వేసి సంతకం పెట్టాను.

జనవరిలో పెట్టె దిగింది.
వెంట్రుకంత గాజుపోగులో వెలుగు పేటంతా పాకింది.
ష్వేరెబ్ గారు కనెక్షన్ తీసుకోలేదు.
బస్సు వస్తోంది, పాలు కాగుతున్నాయి.

ఫ్యాను చూడ్డానికి ఒక తెల్లవారుజామున వెళ్తే
పెట్టెకి వీపానించి, నిద్రసంచిలో నడుం దాకా దూరి,
ఒకాయన.
పేరు ఆర్విల్ టిబ్స్ అన్నాడు, నేనడక్కుండానే.
"వెచ్చగా ఉంటుంది.
రాత్రంతా లోపల ఏదో గొణుగుతుంది. ఏంటది?"
పేట మొత్తం మాటలన్నాను.
"నా గురించేమైనా ఉందా?"
నవ్వాడు. దగ్గాడు. షెడ్ల వెనక ఆరేళ్ళుగా ఉంటున్నాడట.

ఇక్కడ పెట్టొద్దనేవాడివా అని అడిగాను,
ఆలస్యంగానే.
చాలాసేపు ఆలోచించాడు,
ఆ భోజనశాలలో ఎవరూ అంతసేపు ఆలోచించలేదు.
"వద్దనను. కొంచెం గోడవైపు జరపమనేవాణ్ణి.
గాలి పడమటి నుంచి కొడుతుంది."

తనిఖీ కాగితంలో
ఫ్యాను బాగుంది, తాళం బాగుంది.
ఇతరములు:
గాలి పడమటి నుంచి.