చప్పుడు పద్దు

యోయెన్సూలో జనవరి.
తొమ్మిదిన్నర దాటాక తెల్లారుతుంది,
మూడు కాకుండానే మళ్ళీ దీపాలు.
అలాంటి ఊళ్ళో
మా చదువంతా వెలుతురు మీద.

గడ్డకట్టిన సరస్సులో
నాలుగు కిలోమీటర్ల గాజుపోగు పరిచాం.
వెంట్రుకంత లావు.
లోపల లేజరు పరుగెడుతూ
మంచు కదిలిన చోటల్లా
రవ్వంత వెనక్కి తిరిగి చూస్తుంది.
ఆ తిరిగిచూపే మా కొలత.

పగుళ్ళు మాకు కావాలి.
తక్కినవన్నీ, గాలీ, నక్కా, మంచుబండీ,
'చప్పుడు' అనే పద్దులోకి తోసేస్తుంది హెల్వి.

రోజూ ఏడున్నరకి ఒకటి వచ్చేది.
ఒడ్డు నుంచి లోపలికి
మూడువందల పన్నెండు గీతలు.
కాసేపు ఏమీ ఉండదు.
తర్వాత బరమా తిప్పినట్టు గిరగిర.
అదీ పద్దులోకే.

పై అంతస్తులో ఎముకల బొమ్మలు తీసే ఓస్మో
కాఫీకని దిగొచ్చి
కప్పుతో సహా తెర ముందు ఆగిపోయాడు.
"ఈ మనిషికి కుడి మోకాలు అరిగింది.
చూడండి,
ఒక గీత బరువు, ఒక గీత బెరుకు."

మర్నాడు ముగ్గురం వెళ్ళాం.
మంచుకి బెజ్జం, పక్కన ముక్కాలిపీట,
పీట మీద సైమి, డెబ్బై తొమ్మిదేళ్ళు,
కాళ్ళ దగ్గర బిగుసుకుపోయిన రెండు చేపలు.

మోకాలి మాట ఎత్తగానే
గాలం మీంచి చూపు తిప్పకుండా అడిగింది:
"ఎవరు చెప్పారు?"
హెల్వి తన బూట్ల కిందికి చూపించింది.

సైమి చాలాసేపు మంచుకేసి చూసింది.
"అయితే నేను పాడేది కూడా వింటుందా?"

"పాటకి అంత బరువుండదు" అన్నాడు ఓస్మో.

హెల్వి ఏమీ అనలేదు.
ఆ రాత్రి
తోసేసిన చప్పుళ్ళన్నీ తిరిగి తెరిచి కూర్చుంది,
గిరగిర ఆగిపోయాక
మంచుది కాని సన్నటి వణుకేమైనా
ఉందేమోనని.