పదిహేడు క్రేట్లు

చిత్తూరు హైరోడ్డులో తుపాకుల అంగడి.
తిరగీ తిరగని ఫ్యాను, ఒక ముసలి సాయిబు,
గాజు బీరువాలో మూడు తుపాకులు,
మిగతాదంతా దుమ్ము.

"ఒక్కోటి పద్నాలుగు వందలు" అన్నాడు మస్తాన్ వలీ.
పెట్టె ధర అనుకున్నా.
"పెట్టె కాదు నాయనా, తూటా."

తెల్లారుజామున పలమనేరు మండీలో
క్రేటు ఎనభైకి దించేసి వచ్చినోణ్ణి.
నోరు మూసుకొనే లెక్కేసినా:
పదిహేడు క్రేట్ల టమోటా, పైన ఇంకో నలభై రూపాయలు,
నా చూపుడువేలంత ఇత్తడి.

"పాత సరుకు గదా, చవగ్గా రావాల?"

ఆయన నవ్వలే. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"పాత చొక్కా చవక, పాత బియ్యం ప్రియం.
ఇది ఆ రెండూ కాదు.
దీన్ని చేసే అచ్చు సీమలో ఎప్పుడో కరగబెట్టేసినారు.
మీ నాయన తుపాకీ కొత్త తూటాని మింగదు.
ఉన్నవి ఉన్నన్నే.
పేలిన ప్రతిదీ మిగిలినవాటి ధర పెంచి పోతాది.
నీ టమోటా అట్ల కాదు, రేపు మళ్లీ కాస్తాది.
అదే దాని పాపం."

"పేలతాయా మరి?"

"కాలిస్తే గానీ తెలీదు.
కాలిస్తే ఉండదు."

మూడు కొన్నా.
లైసెన్సు బుక్కులో రాసి, ముద్ర కొట్టి,
విత్తనాల మాదిరి పొట్లం కట్టిచ్చినాడు.

ఇంట్లో మాయమ్మ రెడ్డెమ్మ
పచ్చగా చిలుము పట్టిందని
చింతపండేసి తోమి పారేసింది.
దీపపు కుందుల పక్కన ఎండకు ఆరబెట్టింది.
నాకు గుండె జారింది.
"అంత పోసి కొన్నావే, మెరవనన్నా మెరవొద్దా?"

ఆ వారంలోనే
కౌండిన్య అడివి దిక్కు నుంచి పందులు దిగినాయి.
తుపాకీ భుజానికెత్తినా.
వెన్నెల్లో ముట్టె కనబడతాంది, కళ్లు కనబడతాండాయి.
చెవిలో మండీ వేలం గొంతు మొదలైంది:
పదిహేడో క్రేటు... పదిహేడో క్రేటు...
ఆ ముండది ఎంత తొక్కినా, ఎంత తిన్నా
ఆరు క్రేట్లకు మించదు.

తుపాకీ దించి
నూనె డబ్బా మీద కట్టెతో కొట్టినా,
చెయ్యి తిమ్మిరెక్కేదాకా.

ఎలక్షన్లొచ్చినాయి. స్టేషన్లో అప్పగించాల.
రైటరు బల్ల మీద పోసి లెక్కపెట్టినాడు. మూడు.
పాత పేజీ తిప్పినాడు. మూడు.
ఒకటి తీసి లైటుకి పట్టి చూసినాడు.
"ఏందబ్బా, బంగారం మాదిరి మెరస్తాండాయి?"

"మాయమ్మ, సార్.
పండక్కి పండక్కి తోమతాది."