బాణం గుర్తు

టూరిజమోళ్లు ఇచ్చిన కాయితంల
రెండే పేర్లున్నయి: నిర్మల్, ఎల్గందుల.
కింద రేకు కొలత, గోధుమరంగు నేల,
తెల్ల అక్షరాలు, తెల్ల బాణం.
"ఊరి గొప్ప ఒక్క ముక్కల రావాలె లింబాద్రీ,
బండి ఆగదు, చదివేలోపే దాటిపోతది"
అన్నడు ఏఈ సారు, ఫోన్ చూసుకుంట.

ఒక్క ముక్కల.

మా తాత పొనికి కట్టె చెక్కి
చింతగింజల జిగురు పూసి
ఒక్క సీతాఫలానికి ఐదు రోజులు కూసున్నోడు.
పండు మీద ఏ కన్ను ఆకుపచ్చ ఆ కన్నుదే అనేటోడు.
చేసినంక అరుగు మీద పెట్టి దూరం జరిగేది,
చీమ ఎక్కితే రంగు కుదిరినట్టు,
ఎక్కకుంటే మళ్ల మొదలు.
నేను ఆయన మనుమణ్ని.
రేకు మీద రోలర్ తిప్పుత, చదరపు అడుగు లెక్క.

నిర్మల్ బోర్డుకు సులువుగనే దొరికింది:
కోటలు, కొయ్యబొమ్మలు.
శ్యాంగఢ్ కాడ నిచ్చెనేసి బిగిస్తుంటె
గోడ నెర్రెలకెల్లి రామచిలుకలు లేచినయి,
నా డబ్బాల లేని ఆకుపచ్చను
నా నెత్తి మీదికెల్లే పట్టుకపోయినయి.

ఎల్గందుల ముచ్చట వేరు.
అది ఒకప్పుడు జిల్లా.
కోట కింద చాయ్ అమ్మే యాకూబ్ చాచా చెప్తడు,
కండ్లతోని చూసినట్టె:
"కచేరి పోయింది, దఫ్తర్లు పోయినయి,
వెండితీగె అల్లేటోళ్లు మూసలు సర్దుకోని
కరీంనగర్ బాట పట్టిండ్రు.
గుట్టొక్కటే బండెక్కలే బేటా."
పైన రెండు మినార్లున్నయి,
ఒకటి ఊపితే రెండోది ఊగుతదంటరు.
నేను ఊపలే.
మెట్ల మీద కూసోని మానేరు నీళ్లు చూసిన,
సీతాఫలం చెట్లు కోటంత నిండినయి,
కాయలు కోతులకే.

ఇగ నా తప్పు చెప్పాలె.
నిర్మల్ బోర్డుకు బాణం ఎడమకు గీసిన.
కోట కుడికి.
మూడు దినాలు కార్లన్ని మా గల్లీకే వచ్చినయి.
"కోటేది?" అని అద్దం దించిన ఒకామెకు
మా వదిన లసుంబాయి
ముక్కు రంగు ఆరని చిలుకను చూపెట్టింది.
వాళ్ల పొల్లగాడు దిగి
పొనికి పొట్టుల మోకాళ్లు మడిచి కూసున్నడు.
పొద్దు గూకినా లేవలే.
కోట చూడకుండనే పోయిండ్రు,
రెండు చిలుకలు, ఒక చెవి లేని లేడి కొనుక్కోని.
చెవి లేకున్నా ఫరవా లేదన్నరట.

నాలుగోనాడు ఏఈ సారు ఫోన్.
ఆ తిట్లు ఇక్కడ రాయను.
నిచ్చెనేసిన, బాణం తిప్పిన.
తిప్పి దిగుతుంటె బోర్డు ఎనుకవైపు కనవడ్డది,
ఊరిడిసి పోయేటోళ్లకు కనిపించే
ఏమీ రాయని ముఖం.

ఇంటికొచ్చి తాత కుంచె వెతికిన,
ఉడత తోక ఎంటికలది, సగం రాలింది.
నాలుగు పొద్దులు పట్టింది.
ఒక్క సీతాఫలం, అరచెయ్యంత.
బిల్లుల ఎనుకవైపు లేదు, అడుగుతె నవ్వుతరు.
నిన్న అటెల్లి పోతూ బండి ఆపి చూసిన,
చీమలైతే ఉన్నయి.
రంగుకే వచ్చినయో,
రేకు ఎనుక గూడు పెట్టినయో.

ఎల్గందుల రేకు ఇంట్లనే ఉంది,
గోడకు ఆనిచ్చి.
పేరు రాసిన, బాణం ఈసారి మూడుసార్లు అడిగి గీసిన.
ఒక్క ముక్క జాగ వారమంత ఖాళీగనే ఉండె.
రాత్రి కరెంటు పోయినంక లేచి
దీపం పెట్టుకోని రాసిన:

గుట్ట బండెక్కలే.

రంగు ఇంక ఆరలే.
ఏఈ సారు సోమవారం వస్తడట.