ఖాళీ పలుపు

పట్టాకి ఇంకా పందొమ్మిది రోజులు.
గౌను కొలతలు తీస్తున్న దర్జీ
ఎడమ భుజం దగ్గర టేపు ఆపి
"ఈ వాపేంటమ్మా?" అన్నాడు.
గాడిద తన్నిందన్నాను.
నవ్వాడు, తననీ ఎప్పుడో తన్నినట్టు.

బిషోఫ్తు సంతకి టెఫ్ గింజల బస్తాలు మోసుకొస్తోంది అది.
తెల్లారకముందే దారిలో హైనా తొడ చీల్చింది.
ఆరేళ్లు బట్టీపట్టిన కండరాలన్నీ
టార్చి వెలుగులో
పేర్లు లేకుండా తెరుచుకున్నాయి.

ప్రొఫెసర్ మెకురియా మోతాదు అడిగారు.
తడుముకోకుండా చెప్పాను.
గెబిసా ఒక్కటే అడిగాడు:
"వచ్చే సంతకైనా నడుస్తుందా?"

సిరంజి నేనే పట్టుకున్నాను. మొదటిసారి, ఒక్కదాన్నే.
అతను దాని చెవి వెనక గోకుతూ ఉన్నాడు,
అది పోయాక కూడా, కాసేపు.

తర్వాత పలుపు విప్పి, దులిపి, చుట్ట చుట్టి
భుజాన వేసుకున్నాడు.
ఒక బస్తా తలకెత్తుకుని
రెండోది చూపించి
"వచ్చేదాకా చూస్తుంటావా, డాక్టరమ్మా?" అన్నాడు.

అంతవరకూ నన్నెవరూ అలా పిలవలేదు.

ఫొటోకి ఎలా నిలబడాలో
తిర్సిత్ అద్దం ముందు చూపిస్తోంది.
నేనింకా ఆ బస్తా పక్కనే ఉన్నాను,
కోళ్లని అదిలిస్తూ.