టచప్

ఎనిమిదింటి చర్చకు ఏడున్నరకే వస్తరు ఇద్దరూ.
ఎడమ కుర్చీల కూసునేటాయనకు నుదురు జిడ్డు.
కుడి కుర్చీ ఆయనకు కండ్ల కింద నలుపు.
మొన్నటి దాంక ఆయన గూడ ఎడమ కుర్చీలనే కూసునేది.
పార్టీ మారిండు. నలుపు మారలే.

నా దగ్గర స్పాంజి ఒక్కటే.
రెండోది ఇప్పియ్యమని మేనేజర్‌కు
మూడు నెలల సంది చెప్తున్న.
ఈయన చెమట ఆయన చెంపకు,
ఆయన చెమట ఈయన మెడకు.
ఇద్దరికీ ఒకటే షేడు, నాలుగో నంబరు.

"పాపకు సీటొచ్చిందా అన్నా?"
"నీ దయ. నువ్వు ఫోన్ చేసినంకనే గదా."
ఫ్లాస్కుల అల్లం చాయ్ సగం సగం పోసుకుంటరు.
తలుపు సందుల నుంచి ఒక పిలగాడు అరుస్తడు:
సార్, మైకులు! రెండు నిమిషాలే ఉంది!

ఎర్ర లైటు ఎలుగుతది.
ఇగ జూడాలె.
ఈ పట్నానికి ఏ పేరుండాలెనో
ఏ గల్లీ ఏ దేవునిదో
ఎవల పొయ్యి మీది కూర ఎవల ముక్కుకు సోకొద్దో
ఎన్నడో సచ్చిపోయిన రాజు
ఇప్పుడు ఎవలకు చుట్టమో.
అద్దం కింద ఎర్ర పట్టీ ఉరుకుతనే ఉంటది,
దానికి ఊపిరాడే పని లేదు.

పన్నెండేండ్లాయె ఈ కొలువుల.
నల్లా గురించి మాట్లాడేటోని మొకానికి
ఒక్కనాడు పౌడర్ అద్దలే నేను.

బ్రేకుల మల్ల నేనే ఉరుకుత.
చెమటతోటి కోపం గూడ తుడుచుకొని వస్తది,
దాని కింద ఉత్త తోలు.
ఒకనాడు మెల్లగ అడిగిన,
సార్, గీ కోపం నిజమేనా అని.
ఆయన నవ్వలే. సీరియస్‌గనే అడిగిండు:
"కెమెరాల సరిగ్గ కనవడ్తలేదా?"

పదిన్నరకు యూసఫ్‌గూడ కాడ షేర్ ఆటో.
డ్రైవర్ ఫోన్ల నేను అద్దిన మొకాలే.
"గట్టిగిచ్చిండు గదన్నా మనోడు!"
మనోడు.
మనోని చెవెనక పుట్టుమచ్చ నాకెరుక.
నా పేరు మనోనికి ఎరుక లేదు.

బోరబండల దిగుత.
మా అండాలు బిందె ఎనకనే
ఖుర్షీద్ బీ బకెట్ ఉండేది ఎప్పుడైనా.
ఎవలు ముందు లేస్తే వాళ్ళు ఇద్దరియీ పట్టేది.
పోయిన ఎండకాలం సంది
బిందెకూ బకెట్‌కూ నడుమ జాగ,
ఒక్క ఇటుక పట్టేంత.
తిట్టుకోలే. కొట్టుకోలే.
అనాల్సినయన్నీ టీవీనే అనేసింది.

ఓటుకు గూడ పోయిండ్రు ఇద్దరూ
వేరు వేరు ఆటోలల్ల, ఒకటే బడికి.
వేలి మీద సిరా గోరుతోటి పెరిగి
కత్తెరల పడి పోయేసరికి
మూడు దినాల నల్లా నాలుగు దినాలాయె.

ఖుర్షీద్ బీకి ఒకసారి చెప్పిన,
అక్కా, వాళ్ళు దోస్తులు.
ఒక్క ఫ్లాస్కుల చాయ్ తాగుతరు. నా కండ్లతోటి చూసిన.
"మాలూమే భయ్యా," అన్నది,
"మాలూమైతే భయం పోతదా?
మా పెద్దోడు పొద్దుమీకి లేటైతే
నేను గేటు కాడ నిలవడుడు బంద్ అయితదా?"
నా దగ్గర దానికి ఏ షేడూ లేదు.

ఈ రాత్రి నల్లా వచ్చిందే పన్నెండింటికి.
అండాలు బిందె నిండంగనే
ధార కింద స్పాంజి పెట్టి పిండుతున్న.
తోలు రంగు నీళ్ళు
రెండు మొకాలు ఒకటై
మోరీల కలిసి పోతున్నయి.
ఎంత పిండినా ఇంకింత వస్తనే ఉంది.

గడప కాడికెల్లి అండాలు కేకేసింది,
ఎవల దిక్కూ చూడకుంట:
"ఇగ చాలు తియ్యి.
నీళ్ళు బందైతయి.
ఆమె బకెట్ ఇంకా నిండలే."