పల్లేరుదిన్నె కైఫియతు

గుంటూరు కలెక్టరాఫీసు రికార్డు గదిలో
మూడో బీరువా కింది అర.
చెదలు వదిలేసినంత మేర
మా ఊరు ఉంది.

కరణం గారి చేతిరాత, గొలుసుకట్టు.
ఒక అక్షరం ఇంకో అక్షరం చెయ్యి పట్టుకుని
ఎక్కడా ఊపిరి తీసుకోకుండా నడుస్తుంది:
"పూర్వము పల్లవ ముని తపస్సు చేసిన చోటు గనుక
పల్లేరుదిన్నె అనే పేరు వచ్చినది.
ఇళ్ళు నలభై రెండు. మంచినీళ్ళ బావి ఒకటి.
ఉప్పునీళ్ళ బావులు మూడు.
గానుగ ఒకటి. మగ్గాలు ఆరు."

మగ్గాలు కూడా లెక్కపెట్టాడు.
నేను వేలు పెట్టి మళ్ళీ చదివాను.
వాగు అవతల మా ఇళ్ళు లేవు.

తరవాతి కాగితం నందన సంవత్సరం.
డొక్కల కరువు.
"గ్రామము పాడుపడినది. మనుష్యులెవరునూ లేరు."
కింద సంతకం.

మనుషులెవరూ లేని ఊళ్ళో
ఆ సంతకం సిరా ఆరేదాకా
దీపం పట్టుకుని నిలబడిందెవరు?

మా నాయనమ్మ ఏసమ్మ
పొగాకు బ్యారన్ ముందు ఆకు గుచ్చుతూ చెప్పేది:
"మనోళ్ళు ఎక్కడికీ పోలేదురా.
పోవాలంటే బండ్లుండాలి, బండ్లకి ఎడ్లుండాలి.
పల్లేరు కాయలు దంచి, ముళ్ళు చెరిగి
అంబలి కాసుకున్నారు.
ఆ ముళ్ళు పారబోసిన కుప్పే ఈ దిన్నె."
దారం పంటితో కొరికి
ఇంకో ఆకు అందుకునేది.
ముని సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

మళ్ళీ ఇళ్ళు లేచాయి.
తొమ్మిది. ఇరవై ఆరు. అరవై ఒకటి.
కృష్ణ కాలవ వచ్చాక వరి, ఆ తరవాత పొగాకు,
ఇప్పుడు ఎటు చూసినా మిరప, తుమ్ములు.
ఒక తుపాను ఏడాది పేజీ తడిసి
పక్క పేజీకి అంటుకుపోయింది.
విడదీస్తే రెండూ చిరుగుతాయి. వదిలేశాను.

శనివారం మిషను కాంపౌండుకి వెళ్ళాను.
పాస్టరు ప్రసంగి గారు తాళం వెతకడానికే గంట పట్టింది.
బాప్తిస్మాల పుస్తకం. అక్కడ, మొదటిసారి, మావాళ్ళు:
పోలిగాడు, ఇకమీదట పౌలు.
గంగి, ఇకమీదట రూతు.
లచ్చి, చంటిబిడ్డతో. బిడ్డకింకా పేరు లేదు.
వాగు అవతల, ఇళ్ళు ఇరవై ఎనిమిది.
పాత పేర్ల మీద గీత కొట్టారు,
గీత కింద అవి ఇంకా కనిపిస్తున్నాయి.

సోమవారం స్కానింగు వాళ్ళొచ్చారు.
రిజిస్టర్లలో ఏమీ రాయకూడదు, నాకు తెలుసు,
ఇరవై రెండేళ్ళుగా ఆ మాట అందరికీ చెప్పేది నేనే.
ఒక చీటీ మాత్రం పెట్టాను, కరణం గారి నలభై రెండు పక్కన:
"వాగు అవతలి ఇళ్ళకు మిషను పుస్తకము చూడుము."
రాలిపోకుండా గుండుసూది గుచ్చాను.

సాయంత్రం ఐదూ నలభై బస్సు.
కండక్టరు కొత్తవాడు.
"పల్లేరుదిన్నెలో ఎక్కడ? ఊళ్ళోనా, వాగు దగ్గరా?"
నేను జేబులో చిల్లర వెతుకుతుంటే
తనే మళ్ళీ అన్నాడు,
"ఎక్కడైనా టికెట్టు ఒకటేలెండి."